నింగి నుండి నేలను చూచే కన్నులు

ప్రవేశిక

చంద్రుడు భూమికి సహజమైన ఉపగ్రహం. మానవుడు తయారుచేసి ఆకాశంలోకి పంపి, భూమి చుట్టూ తిరిగేటట్లు చేసిన యంత్రాలను కృత్రిమ ఉపగ్రహాలు అంటారు. వీటిలో కొన్ని వార్తలను, మాటలను, బొమ్మలను ఒకచోటి నుండి మరొకచోటికి చేరవేస్తాయి. కొన్ని నక్షత్రాలను, గ్రహాలను పరిశీలిస్తాయి. మరికొన్ని భూమిని చూస్తూ అడవులు, పంటలు, చెరువులు, మేఘాల సమాచారాన్ని పంపుతాయి. ఈ మూడవ రకం ఉపగ్రహాలను గురించి, అవి మన జిల్లాల వంటి మెట్టప్రాంతాలకు చేసే మేలును గురించి ఈ పాఠంలో తెలుసుకొందాం.

నీటి కొరకు నిరీక్షణ

తమిళనాడు వాయవ్య భాగంలో ధర్మపురి జిల్లా ఉంది. పూర్వం దీనికి తగడూరు అని పేరు. అతియమాన్ అనే రాజు ఇక్కడి నుండి పరిపాలించాడు. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా అయ్యేవరకు హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలు కూడా ధర్మపురి జిల్లాలోనివే. తమిళంతో పాటు తెలుగు, కన్నడం మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా కలిసి జీవిస్తున్నాయి.

ఈ జిల్లా పడమటి అంచున హొగెనక్కల్ వద్ద కావేరి నది రాళ్ళ మీది నుండి జలపాతమై దూకుతుంది. అయినా జిల్లాలోని అనేక గ్రామాలకు నీటి కొరత తప్పలేదు. నది లోయలో ప్రవహిస్తుంది, ఊళ్ళు మెట్ట మీద ఉంటాయి. రాగులు, మామిడి, చింత వంటివి పండించే రైతులు వానను, బావిని నమ్ముకొని బ్రతుకుతారు. వాన తప్పితే చెరువు ఎండుతుంది. చెరువు ఎండితే బావి అడుగంటుతుంది. అప్పుడు గొట్టపు బావి త్రవ్వవలసి వస్తుంది.

ఇక్కడి నేల అడుగున ఉన్నది గట్టి రాయి. ఇసుక నేలలో నీరు అంతటా వ్యాపించి ఉన్నట్లు ఈ రాతిలో ఉండదు. పైన శిథిలమైన పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే నీరు నిలుస్తుంది. కావున ఒక పొలంలో నీరు పడవచ్చు. దానికి పక్కనే ఉన్న పొలంలో ఎంత లోతు త్రవ్వినా దుమ్ము తప్ప మరేమీ రాకపోవచ్చు. అప్పు చేసి త్రవ్వించిన బావిలో నీరు పడకపోతే ఆ రైతు కుటుంబం ఎన్నో సంవత్సరాలు ఆ అప్పును మోయవలసి వస్తుంది. ఎక్కడ త్రవ్వాలి అన్న ప్రశ్నకు జవాబు చెప్పడంలో ఉపగ్రహాలు ఎట్లా తోడ్పడతాయో తెలుసుకొనడానికి ముందు, మన దేశం ఆకాశంలోకి ఎట్లా అడుగు వేసిందో చూద్దాం.

పేద దేశానికి రాకెట్లు ఎందుకు?

1963 నవంబరు 21వ తేదీన కేరళలోని తుంబ అనే మత్స్యకారుల గ్రామం నుండి మన దేశంలో మొదటి పరిశోధక రాకెట్‌ను ప్రయోగించారు. అక్కడి చర్చి భవనమే శాస్త్రవేత్తలకు కార్యాలయం అయింది. రాకెట్ భాగాలను సైకిలు మీద తీసుకొనివెళ్ళారు. ఆ రోజుల్లో చాలామందికి ఒక సందేహం కలిగింది. తినడానికి తిండి చాలని దేశానికి రాకెట్లు ఎందుకు? ఆ ధనంతో బావులు త్రవ్వించరాదా?

ఆ సందేహం న్యాయమైనదే. భారత అంతరిక్ష కార్యక్రమానికి పితామహుడైన డాక్టర్ విక్రం సారాభాయి దానిని త్రోసిపుచ్చలేదు. చంద్రుని చేరడంలో ధనిక దేశాలతో పోటీపడడం మన ఉద్దేశం కాదని, సామాన్యుని కష్టాలు తీర్చడానికి ఈ విజ్ఞానాన్ని వినియోగించడంలో మనం ఎవరికీ తీసిపోరాదని ఆయన భావించాడు. ఈ ఆశయంతోనే 1969 ఆగస్టు 15వ తేదీన భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అనగా ఇస్రో, ఏర్పడింది.

ఆశయాన్ని నిరూపించే ప్రయత్నం ఒక కొబ్బరి తోటలో మొదలైంది. 1970లో కేరళలోని కొబ్బరి చెట్లను వేరు వాడు తెగులు పీడిస్తూ ఉండేది. పిషారటి అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో పరిశోధకులు హెలికాప్టర్‌లో తోటల మీదుగా ఎగిరి, ప్రత్యేకమైన ఫిల్ముతో ఛాయాచిత్రాలు తీశారు. నేల మీద నిలబడి చూచేవానికి పచ్చగానే కనిపించే చెట్లలో తెగులు సోకినవి ఏవో ఆ చిత్రాలలో తెలిసిపోయింది. కంటికి కనిపించని రోగాన్ని పై నుండి గుర్తించవచ్చునని దేశానికి తెలిసింది. ఒక వస్తువును తాకకుండా దూరం నుండియే దాని స్థితిని తెలుసుకొనే ఈ విద్యను సుదూర సంవేదనం అంటారు. రిమోట్ సెన్సింగ్ అని వాడుకలో ఉన్నది ఇదే. పిషారటిని భారతదేశంలో ఈ శాస్త్రానికి పితామహునిగా గౌరవిస్తారు.

తెలుగునేల మీద ప్రయోగశాల

ఆంధ్రప్రదేశ్‌లో పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ శ్రీహరికోట అనే దీవి ఉంది. చెన్నై నగరానికి ఉత్తరాన సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవిలో రాకెట్ ప్రయోగ కేంద్రాన్ని నెలకొల్పారు. 1971 అక్టోబరు 9వ తేదీన అక్కడి నుండి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఈ కేంద్రానికి 2002లో ప్రొఫెసర్ సతీష్ ధావన్ పేరు పెట్టారు.

మన మొదటి ఉపగ్రహమైన ఆర్యభట 1975 ఏప్రిల్ 19వ తేదీన రష్యా రాకెట్ మీద పైకి వెళ్ళింది. 1979 జూన్ 7వ తేదీన భూమిని పరిశీలించే భాస్కర ఉపగ్రహం వెళ్ళింది. 1980 జూలై 18వ తేదీన శ్రీహరికోట నుండి మన సొంత రాకెట్ ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది. ఆ రాకెట్ నిర్మాణానికి నాయకత్వం వహించినవాడు రామేశ్వరంలో పుట్టిన అబ్దుల్ కలాం. 1981లో ఆపిల్ అనే ఉపగ్రహాన్ని పరీక్షించవలసి వచ్చినప్పుడు, లోహపు వాహనం పరీక్షకు అడ్డు వస్తుందని దానిని ఎద్దుల బండి మీద ఎక్కించారు. ఆ ఛాయాచిత్రాన్ని చూచిన వారెవరూ మరచిపోలేరు.

1988 మార్చి 17వ తేదీన ఐ.ఆర్.ఎస్.-1ఏ అనే భూపరిశీలన ఉపగ్రహాన్ని రష్యా రాకెట్ మీద బైకనూర్ నుండి పంపారు. 1994 అక్టోబరు 15వ తేదీన అదే తరగతికి చెందిన ఐ.ఆర్.ఎస్.-పి2ను మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్ శ్రీహరికోట నుండియే కక్ష్యలో చేర్చింది. ఈ ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని హైదరాబాదు సమీపంలోని షాద్‌నగర్‌లో ఉన్న పెద్ద పెద్ద ఆంటెన్నాలు అందుకొంటాయి. హైదరాబాదులోని జాతీయ సుదూర సంవేదన కేంద్రం దానిని పటాలుగా మారుస్తుంది. ఈ విధంగా ధర్మపురి కొండల చిత్రం ఆకాశంలో తయారై, తెలుగునేల మీద దిగి, పటమై తిరిగి ధర్మపురికి చేరుతుంది.

ఉపగ్రహం ఎట్లా చూస్తుంది?

సూర్యుని వెలుగు భూమి మీద పడి తిరిగి పైకి పోతుంది. ప్రతి వస్తువు కొంత వెలుగును పీల్చుకొని, కొంత వెలుగును తిప్పి పంపుతుంది. మన కన్ను ఎరుపు నుండి ఊదా వరకు గల రంగులను మాత్రమే చూడగలదు. ఎరుపునకు అవతల కంటికి కనిపించని వెలుగు ఉంది. దానిని పరారుణ కిరణాలు అంటారు. ఉపగ్రహంలోని కెమెరా వీటిని కూడా గుర్తిస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రని వెలుగును పీల్చుకొని ఆహారం తయారుచేసుకొంటుంది. పరారుణ కిరణాలను ఎక్కువగా తిప్పి పంపుతుంది. వాడిన ఆకు అంతగా పంపలేదు. నీరు పరారుణ కిరణాలను దాదాపు పూర్తిగా పీల్చివేస్తుంది. ఎండిన నేల స్వభావం మరొక విధంగా ఉంటుంది. ఈ భేదాలను లెక్కించి శాస్త్రవేత్తలు చిత్రానికి రంగులు వేస్తారు. ఆ చిత్రాలలో పచ్చని పైరు ఎర్రగాను, లోతైన చెరువు నల్లగాను కనిపించడం సాధారణం. చిత్రంలో ఎరుపు పలుచబడితే పైరు వాడుతున్నదని, నలుపు తగ్గితే చెరువు ఎండుతున్నదని అర్థం.

ఉపగ్రహాలు తిరిగే దారులు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది ధ్రువ కక్ష్య. ఐ.ఆర్.ఎస్.-1ఏ ఉపగ్రహం 904 కిలోమీటర్ల ఎత్తున, ఉత్తర దక్షిణ ధ్రువాల సమీపం మీదుగా తిరిగేది. ఒక చుట్టుకు 103 నిమిషాలు పట్టేది. కావున దినానికి సుమారు పద్నాలుగు చుట్లు తిరిగేది. ఈలోగా భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది గనుక, ప్రతి చుట్టులోను కొత్త ప్రాంతం దాని క్రిందికి వచ్చేది. చూచిన చోటునే 22 దినాలకు ఒకసారి తిరిగి చూచేది. రెండవది భూస్థిర కక్ష్య. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఇన్‌శాట్ ఉపగ్రహాలు భూమితో సమానమైన వేగంతో తిరుగుతాయి. కావున మనకు అవి ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లు తోస్తాయి. మొదటి రకం ఉపగ్రహాలు దగ్గరగా, వివరంగా చూస్తాయి. రెండవ రకం ఉపగ్రహాలు దూరంగా ఉండి, రేయింబవళ్ళు రెప్పవేయక కాపలా కాస్తాయి.

సెంటు భూమి లెక్క

ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న చదరాల కూర్పు. ఒక చదరంలో ఉన్నదంతా కలిసి ఒకే చుక్కగా కనిపిస్తుంది. ఐ.ఆర్.ఎస్.-1ఏలోని ఒక కెమెరా చదరం పక్క కొలత 72.5 మీటర్లు. అనగా ఒక చుక్క సుమారు ఒక ఎకరా ముప్పై సెంట్ల భూమికి సమానం. అందులోని రెండవ కెమెరా చదరం 36.25 మీటర్లు. ఒక చుక్క సుమారు ముప్పైరెండు సెంట్లు. 1995 డిసెంబరు 28వ తేదీన పంపిన ఐ.ఆర్.ఎస్.-1సీలో 5.8 మీటర్ల వరకు వివరంగా చూడగల కెమెరా ఉండేది. దానిలో ఒక చుక్క ఒక సెంటు కంటె తక్కువ. 2019 నవంబరు 27వ తేదీన పంపిన కార్టోశాట్-3 ముప్పై సెంటీమీటర్ల లోపు వివరాన్ని కూడా చూపగలదు. ఎకరాతో ప్రారంభమైన చూపు ముప్పై సంవత్సరాలలో జానెడు నేల వరకు దిగివచ్చిందన్నమాట.

రాతిలో నీటి జాడ

భూమిలోని నీటిని ఉపగ్రహ కెమెరా నేరుగా చూడలేదు. నీరు ఉండదగిన చోటులను మాత్రం సూచించగలదు. నేల మీద నిలబడినవానికి ఒక రాయి, ఒక పొద, ఒక గట్టు వేరు వేరుగా కనిపిస్తాయి. వందల కిలోమీటర్ల ఎత్తు నుండి చూస్తే అవి కలిసి ఒక పొడవైన గీతగా కనిపించవచ్చు. ఆ గీత వెంట చెట్లు పక్కనున్న నేల కంటె పచ్చగా ఉండవచ్చు; వాగు తిన్నగా పోయి హఠాత్తుగా మలుపు తిరగవచ్చు. అటువంటి గీత తరచుగా అడుగున ఉన్న రాతి పగులుకు గుర్తు. రెండు పగుళ్ళు కలిసే చోట, పాత వాగులు పూడిన చోట నీరు దొరికే అవకాశం ఎక్కువ.

1986లో కేంద్ర ప్రభుత్వం తాగునీటి కొరకు ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దానిలో భాగంగా అంతరిక్ష శాఖ శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల సహాయంతో దేశంలోని జిల్లాలకు భూగర్భజల సూచక పటాలు తయారుచేశారు. పటంలో గుర్తించిన చోటికి భూగర్భ శాస్త్రజ్ఞులు వెళ్ళి, నేలలోకి విద్యుత్తును పంపి పరీక్షించి, తరువాత బావి త్రవ్వే స్థలాన్ని నిర్ణయిస్తారు. గుడ్డిగా త్రవ్వే బావుల కంటె ఇట్లా త్రవ్వే బావులలో నీరు పడే అవకాశం హెచ్చు. "ఆ ధనంతో బావులు త్రవ్వించరాదా?" అన్న ఆనాటి ప్రశ్నకు ఇది ఒక సమాధానం.

తుఫానుకు ముందే మేలుకొలుపు

1977 నవంబరు 19వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేలకు మించిన ప్రజలు మరణించారు. అప్పటికి మన దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 1983లో ఇన్‌శాట్-1బి పనిచేయసాగిన తరువాత సముద్రం మీది మేఘాలను ఎల్లవేళలా చూడడం మనకు సాధ్యమైంది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. ఇళ్ళు కూలాయి, చెట్లు నేలకొరిగాయి. కాని తుఫాను ఎటు వస్తున్నదో ఉపగ్రహాలు ముందుగానే చూపాయి. తీరగ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాణనష్టం పదుల సంఖ్యకు పరిమితమైంది. గాలి బలాన్ని మానవుడు తగ్గించలేడు. అది వచ్చే దారి ముందే తెలిస్తే, దానికి అడ్డు తొలగి ప్రాణం కాపాడుకోగలడు.

మేఘం వెనుక, చీకటి నడుమ

సాధారణ కెమెరా మేఘాల గుండా చూడలేదు, రాత్రిపూట పనిచేయలేదు. ఈ లోపాన్ని తీర్చేది రాడార్. ఇది తానే తరంగాలను పంపి, నేలను తాకి తిరిగివచ్చే వాటిని గ్రహిస్తుంది. ఇస్రో, అమెరికా సంస్థ నాసా కలిసి నిర్మించిన నిసార్ ఉపగ్రహాన్ని 2025 జూలై 30వ తేదీన శ్రీహరికోట నుండి ప్రయోగించారు. 747 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహానికి గొడుగువలె విచ్చుకొనే 12 మీటర్ల ఆంటెన్నా ఉంది. పన్నెండు దినాలకు ఒకసారి అదే నేలను తిరిగి చూడడం వలన, నేల కొద్ది సెంటీమీటర్లు క్రుంగినా గుర్తించడానికి వీలవుతుంది. భూగర్భ జలాన్ని అతిగా తోడితే కొన్ని ప్రాంతాలలో నేల క్రుంగుతుంది. దానిని కూడా ఇటువంటి రాడార్ పట్టుకొంటుంది.

నీటిని 'తూకం వేసిన' ఉపగ్రహాలు కూడా ఉన్నాయి. అమెరికా, జర్మనీ దేశాలు 2002లో గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను పంపాయి. అవి ఒకదాని వెనుక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో తిరిగేవి. క్రింద నేలలో ద్రవ్యరాశి ఎక్కువ ఉన్న చోట ఆకర్షణ పెరిగి, వాటి నడుమ దూరం అతి స్వల్పంగా మారేది. ఆ మార్పును కొలిచి, పంజాబు, హర్యానా, రాజస్థాన్ ప్రాంతాలలో భూగర్భ జలం వేగంగా తరిగిపోతున్నదని 2009లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. బావి అడుగున జరుగుతున్న నష్టాన్ని ఆకాశం బయటపెట్టింది.

ఉపగ్రహం చూడలేనిది

విజ్ఞానానికి గల శక్తితో పాటు దాని హద్దును కూడా తెలుసుకోవాలి. ధర్మపురి జిల్లాలోని అనేక గ్రామాలలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ అనే పదార్థం ఎక్కువగా ఉంది. ఒక లీటరు తాగునీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. మించిన నీటిని ఎక్కువకాలం తాగిన పిల్లల పళ్ళపై పసుపు, గోధుమ రంగు చారలు ఏర్పడతాయి. పెద్దవారికి కీళ్ళు బిగుసుకొని, ఎముకలు వంకర తిరుగుతాయి. వంగిన ఎముక మందులతో తిరిగి సరికాదు. ఈ నీటిని కాచినా ఫ్లోరైడ్ పోదు.

ఉపగ్రహ పటం నీరు ఉండదగిన చోటును చూపుతుంది. ఆ నీరు తాగదగినదో కాదో అది చెప్పలేదు. ఆ సంగతి నీటిని తోడి, సీసాలో పట్టి, ప్రయోగశాలలో పరీక్షిస్తేనే తెలుస్తుంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ప్రజలను ఈ బాధ నుండి కాపాడడానికి జపాన్ దేశపు ఆర్థిక సహాయంతో హొగెనక్కల్ వద్ద కావేరి నీటిని శుద్ధిచేసి ఊళ్ళకు అందించే పథకాన్ని నిర్మించారు. 2013లో అది ప్రారంభమైంది.

ఉపగ్రహ శాస్త్రవేత్తలు కూడా ఈ హద్దును ఎరిగినవారే. పటం తయారుచేసిన తరువాత వారు దానిని చేతపట్టుకొని పొలాలకు వెళతారు. పటంలో చెరువని గుర్తించినది నిజంగా చెరువేనా, పైరని గుర్తించినది రాగి పైరా, ముళ్ళపొదా అని నడిచి పరిశీలిస్తారు. ఊరి పెద్దలను, పశువుల కాపరులను అడిగి తెలుసుకొంటారు. దీనిని క్షేత్ర పరిశీలన అంటారు. ఈ పరిశీలన లేని పటం సగం పని మాత్రమే.

2023 ఆగస్టు 23వ తేదీన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ సమీపంలో దిగింది. అప్పటి నుండి మన దేశం ఆగస్టు 23వ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుకొంటున్నది. చంద్రుని చేరిన విజయాన్ని తలచుకొని గర్వించడం సముచితమే. దానితో పాటు, ఎండిన ఊరి చెరువును తిరిగి నింపడానికి ఆ విజ్ఞానాన్ని వాడుకొనడం మన బాధ్యత. చెరువు ఎండిందని ఉపగ్రహం చెప్పగలదు. పూడిక తీయవలసినవి, వాననీటిని నిలుపవలసినవి, కాలువలను ఆక్రమించకుండ కాపాడవలసినవి మన చేతులే.

అభ్యాసము

అ. పదములు – అర్థములు
నిరీక్షణ = ఎదురుచూపు
కక్ష్య = గ్రహము లేక ఉపగ్రహము తిరుగు దారి
శిథిలమైన = చితికిన, పాడైన
ఉప్పెన = సముద్రము పొంగి నేలపైకి వచ్చుట
క్రుంగు = దిగబడు

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యములలో సమాధానములు వ్రాయండి.
1. సుదూర సంవేదనం అనగా ఏమి?
2. ఉపగ్రహ చిత్రాలలో చెరువు నల్లగా కనిపించడానికి కారణం ఏమి?
3. ధ్రువ కక్ష్యకు, భూస్థిర కక్ష్యకు గల భేదములను తెలుపండి.
4. ఫ్లోరైడ్ గల నీటి వలన కలుగు హాని ఎట్టిది?

ఇ. ఈ క్రింది ప్రశ్నలకు ఒక పుటకు మించకుండా సమాధానములు వ్రాయండి.
1. గట్టి రాతి ప్రాంతాలలో నీటి జాడ తెలుసుకొనుటకు ఉపగ్రహాలు ఎట్లా తోడ్పడుచున్నవి?
2. "పేద దేశానికి రాకెట్లు ఎందుకు?" ఈ ప్రశ్నకు పాఠం ఆధారంగా మీ అభిప్రాయమును కారణములతో వ్రాయండి.

ఈ. భాషాంశములు
1. విడదీసి సంధి పేరు వ్రాయండి: జలాశయము, దినోత్సవము, దేశాభిమానము.
2. విగ్రహవాక్యము వ్రాసి సమాసము పేరు తెలుపండి: రాతి పగులు, జంట ఉపగ్రహాలు, రేయింబవళ్ళు.
3. సొంత వాక్యములలో ప్రయోగించండి: అడుగంటు, రెప్పవేయక, మేలుకొలుపు.

ఉ. చేయవలసిన పని
మీ ఊరి చెరువు లేక బావిలోని నీటిమట్టమును నెలకు ఒకసారి చొప్పున ఆరు నెలలు పెద్దల సహాయంతో గమనించి పట్టికగా వ్రాయండి. ఏ నెలలో పెరిగినదో, ఏ నెలలో తగ్గినదో గుర్తించి, కారణములను తరగతిలో చర్చించండి.